మీ బస్తీ ఆరోగ్య పటం: దుకాణాలు, దవాఖానాలు తప్పు లేకుండా మ్యాప్‌లోకి ఎక్కించడం ఎలా

ఆ రాత్రి పదకొండు దాటింది. అమ్మకి ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్ నొక్కితే ఉత్త గాలి తప్ప మందు రావట్లేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మా ఇంటికి 400 మీటర్ల దూరంలోనే ఒక మెడికల్ షాపు, దాని కింద "24 గంటలూ తెరిచి ఉంటుంది" అని కనిపించింది. తమ్ముడు బండి తీసుకుని పరుగెత్తాడు. అక్కడ మెడికల్ షాపే లేదు. దాని స్థానంలో కర్రీ పాయింట్ వచ్చి చాలా నెలలైందట. రెండో చోట షాపు ఉంది గానీ తొమ్మిదిన్నరకే కట్టేశారు. మూడో చోట ఇన్‌హేలర్ దొరికింది. ఆ షాపు ఏ మ్యాప్‌లోనూ లేదు, అడ్డా మీదున్న ఒక ఆటో అన్న దారి చూపించాడు. మొత్తం నలభై నిమిషాలు. అమ్మ కోలుకుంది, కానీ ఆ నలభై నిమిషాలు నా మనసులోంచి పోలేదు.

ఆ తర్వాతి ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని హైదరాబాద్‌లోని మా బస్తీ గల్లీలు తిరగడం మొదలుపెట్టాను. ఇప్పుడు మేం ఆరుగురం. తిరిగిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఒక దుకాణం "ఉంది" అని చుక్క పెట్టడం అర నిమిషం పని. ఏ వేళకి వెళ్తే అక్కడ మనకి కావలసింది దొరుకుతుందో రాసిపెట్టడానికే అసలు శ్రమంతా. ఆరోగ్యానికి పనికొచ్చేది ఆ రెండోదే. మీరూ మీ వాడలో ఈ పని చేయాలనుకుంటే, మేం నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను.

మొదటి అడుగు: ఏ ప్రశ్నకి జవాబు కావాలో తేల్చుకోండి

"మా ఏరియా మొత్తం మ్యాప్ చేసేద్దాం" అని బయల్దేరితే మూడో వారానికి ఉత్సాహం చల్లారిపోతుంది. ఒక ప్రశ్న పట్టుకోండి. రాత్రి పదింటి తర్వాత మందులు ఎక్కడ దొరుకుతాయి? కాన్పు దగ్గరపడిన మనిషి నడిచి వెళ్లగలిగే దూరంలో స్కానింగ్ సెంటర్ ఉందా? కూలికి వెళ్లొచ్చిన తల్లి సాయంత్రం ఏడింటికి తాజా కూరగాయలు కొనాలంటే ఎక్కడికి పోవాలి? ఆడవాళ్లు వాడుకోగలిగే పబ్లిక్ టాయిలెట్ బస్టాపుకి ఎంత దూరం?

ఆరోగ్య పటాల చరిత్రలో అందరూ చెప్పుకునేది 1854లో లండన్ సోహో పేటలో వచ్చిన కలరా గురించి. జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారో పటం మీద గీతలు పెట్టి, అవన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయని చూపించాడు. అంతమంది పోయినా అదే వీధిలోని బీరు కార్ఖానా పనివాళ్లకి కలరా పెద్దగా సోకలేదు. వాళ్లకి తాగడానికి బీరు ఇచ్చేవారు, కార్ఖానాకి సొంత నీటి వసతీ ఉంది. పక్క వీధిలోని పేదల ఆశ్రమంలో (వర్క్‌హౌస్) 500 మందికి పైగా ఉన్నా పోయింది ఐదుగురే, దానికీ సొంత బావి ఉంది. వీధిలో ఏ వ్యాపారం ఎక్కడుంది, అక్కడివాళ్లు ఏ నీళ్లు తాగుతారు అన్నది నమోదైంది కాబట్టే పంపు మీద అనుమానం గట్టిపడింది. ఒక్క ప్రశ్న పట్టుకుని తిరిగితే వచ్చే బలం అది.

మా మొదటి ప్రశ్న రాత్రి మందుల గురించే. రెండోది తాగునీళ్లు.

రెండో అడుగు: హద్దు గీయండి

వార్డు హద్దుని నమ్ముకోవద్దు. మనుషులు వార్డు చూసుకుని నడవరు. నాలా, రైలు పట్టాలు, దాటడానికి వీల్లేని మెయిన్ రోడ్డు, మిలిటరీ గోడ... నడకకి అడ్డం పడేవి ఇవి. ముందు వీటిని గుర్తించండి. మా దగ్గర బస్తీ దవాఖానా నాలాకి అవతల ఉంది. పటం మీద తిన్నగా కొలిస్తే 250 మీటర్లు. వంతెన చుట్టి నడిస్తే కిలోమీటరు పైచిలుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి ఆ తేడా దవాఖానాకి వెళ్లడానికీ వెళ్లకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

కాబట్టి మీ బస్తీ నడిమధ్య నుంచి మామూలు మనిషి పది పన్నెండు నిమిషాల్లో ఎంతవరకు నడవగలరో అంతవరకు హద్దు పెట్టుకోండి. దాని అంచున ఇంకో వంద మీటర్లు కలపండి, ఎందుకంటే అంచున ఉన్న ఇళ్లవాళ్లు హద్దు బయటి దుకాణానికే వెళ్తుంటారు. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 2013లో మొదలైనప్పుడు సుమారు 50 వేల జనాభాకి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని లెక్క పెట్టుకున్నారు. ఒక్కో ఆశా కార్యకర్తకి 200 నుంచి 500 ఇళ్లు. మొదటిసారి అయితే ఒక ఆశా అక్క చూసుకునే ప్రాంతమంత తీసుకోండి. ఆరుగురు నాలుగు ఆదివారాల్లో పూర్తి చేయగలరు.

మూడో అడుగు: ఏమేం ఎక్కించాలి

ఆసుపత్రులు, ల్యాబులు, మెడికల్ షాపులు ఎవరికైనా తడతాయి. బస్తీ దవాఖానా, అంగన్‌వాడీ, రేషన్ షాపు, పబ్లిక్ టాయిలెట్, కళ్లజోళ్ల షాపు, పళ్ల డాక్టరు, జన్ ఔషధి కేంద్రం కూడా జాబితాలో ఉండాలి. ఇవి కాక, చాలామంది వదిలేసేవి కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర కాసేపు ఆగుతాను.

నీళ్ల ప్లాంటు. ఇరవై లీటర్ల క్యాన్ నింపిచ్చే చిన్న ఆర్వో ప్లాంట్లు గల్లీకొకటి ఉంటాయి. బోర్డు మీద "మినరల్ వాటర్" అని రాసి ఉంటుంది గానీ అది మామూలుగా బోరు నీళ్లే ఫిల్టర్ చేసిచ్చేది. విరేచనాలు ప్రబలినప్పుడు ఏ ఇల్లు ఏ ప్లాంటు నీళ్లు తాగుతోందన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. ఆ ప్లాంట్ల జాబితా మీ దగ్గర ముందే ఉంటే ఆరోగ్య శాఖ వాళ్లకి రెండు రోజుల తిరుగుడు తప్పుతుంది.

పంక్చర్ షాపులు, పాత ఇనుప సామాన్ల దుకాణాలు, కొబ్బరిబొండాల బండ్లు. డెంగీ దోమ మురికి కాలవలో కాదు, పాత టైరులో నిలిచిన వాన నీటిలో, ఖాళీ బొండాం చిప్పలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం పది రోజులే పడుతుంది. అందుకే శుక్రవారం డ్రై డే అని వారానికోసారి నీళ్లు ఒంపేయమంటారు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ ఊరి వాళ్లం టైర్ల కుప్ప ఎక్కడుందో రాసిపెట్టుకోకపోతే ఎలా! అయితే ఒక జాగ్రత్త. షాపుని షాపుగానే మ్యాప్‌లో పెట్టండి. "దోమలు పుట్టే చోటు" అని ఎవరి బతుకుదెరువు మీదా ముద్ర వేయొద్దు. టైర్లు ఎక్కడున్నాయో మీ నోటుపుస్తకంలో ఉంటే చాలు.

తోపుడు బండ్లు, వారపు సంతలు. రైతు బజారు ఎర్రగడ్డలోనో మెహదీపట్నంలోనో ఉంటుంది, బస్సు ఎక్కాలి. బస్తీలో ఎక్కువమంది తాజా కూరలు కొనేది మంగళవారం సంతలోనో, సాయంత్రం మూల మీద నిలబడే బండి దగ్గరో. బండి కదులుతుంది కాబట్టి ఒక్కో బండికి చుక్క పెట్టొద్దు. బండ్లు ఆగే మూలని "అంగడి"గా పెట్టి, ఏ రోజు, ఏ వేళ అన్నది రాయండి.

ఆర్ఎంపీలు. దీని మీద మా ఆరుగురిలో చాలా వాదన జరిగింది. జ్వరమొస్తే మా బస్తీలో చాలామంది ముందు వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికే, ఎందుకంటే పొద్దుపోయాక తెరిచి ఉండేది ఆయనే. అలాగని అందరూ చూసే మ్యాప్‌లో "డాక్టరు" అని పెడితే, మ్యాపే ఆయనకి లేని అర్హత కట్టబెట్టినట్టవుతుంది. మేం తీసుకున్న నిర్ణయం ఇది: బోర్డు మీద వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు, చదువు కనిపిస్తేనే పబ్లిక్ మ్యాప్‌లో క్లినిక్‌గా ఎక్కిస్తాం. మిగతావి లోపలి జాబితాలో, పేరు లేకుండా, గల్లీ, వేళలు మాత్రమే. బస్తీ దవాఖానాలు నడిచేది పగటిపూట. సాయంత్రం జనం ఎటు పోతున్నారో ఆ జాబితా చూస్తే తెలిసిపోతుంది.

నాలుగో అడుగు: సరంజామా

మేం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడతాం. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైన ఈ పటాన్ని ప్రపంచమంతా ఎక్కువగా వాలంటీర్లే గీస్తున్నారు. మీరు ఎక్కించిన సమాచారం ఎవరైనా ఉచితంగా దించుకుని, మూలం చెప్పి వాడుకోవచ్చు. ముందే దించుకుని ఉంటే, ఆశా అక్క ఫోన్‌లో డేటా అయిపోయినా ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌యాండ్ లాంటి యాప్‌లలో ఇదే పటం తెరుచుకుంటుంది. కంపెనీల మ్యాప్‌లలో కూడా దుకాణాలు చేర్చవచ్చు, జనం ఎక్కువ చూసేదీ అవే, కాబట్టి తప్పు కనిపిస్తే అక్కడా సరిచేయండి. కానీ అక్కడి నుంచి చూసి ఇక్కడ దించడం మాత్రం లైసెన్సు ఒప్పుకోదు. ఆ తప్పు చేస్తే మీ పనంతా తీసేస్తారు. ప్రతి వివరం మీ కంటితో చూసిందై ఉండాలి.

దుకాణాలు చకచకా ఎక్కించడానికి ఎవ్రీ డోర్ యాప్ బాగుంటుంది. నిలబడిన చోటి చుట్టూ ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. ఉన్నది ఇంకా ఉందని చూసుకుని టిక్కు పెడితే సరిచూసిన తేదీ కూడా నమోదవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే స్ట్రీట్‌కంప్లీట్ చిన్న చిన్న ప్రశ్నలు అడిగి నింపించుకుంటుంది, కొత్తవాళ్లని దాంతో మొదలుపెట్టించండి.

ఇవన్నీ ఉన్నా కాగితం వదలొద్దు. ఎండలో స్క్రీన్ కనిపించదు, బ్యాటరీ అయిపోతుంది, వానలో తడి వేలు పని చేయదు. మా నోటుపుస్తకంలో అడ్డంగా ఎనిమిది గడులు: గల్లీ, షట్టర్ నంబరు, బోర్డు మీది పేరు, ఏం దొరుకుతుంది, బోర్డు మీది వేళలు, చెప్పిన వేళలు, మేం చూసిన వేళ, తేదీ. వేళలకి మూడు గడులు ఎందుకో ముందుకెళ్తే అర్థమవుతుంది.

ఐదో అడుగు: నడక

ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. గల్లీలోకి వెళ్లేటప్పుడు ఎడమ పక్క మాత్రమే, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఎడమే. రెండు పక్కలా ఒకేసారి రాస్తే ఏది ఎటో రాత్రికి గుర్తుండదు.

షట్టర్లు లెక్కపెట్టండి. మూసి ఉన్నదానికి కూడా నంబరు ఇవ్వండి. మా నీళ్ల ట్యాంకు గల్లీలో మొదటిసారి ఎడమ పక్క 14 షట్టర్లు రాశాం: కిరాణం, టైలరు, మూత, మెడికల్ షాపు, మూత, చికెన్ సెంటరు... ఆ మొదటి "మూత" ఏంటో తర్వాతి బుధవారం తెలిసింది. ఉదయం రెండు గంటలు మాత్రమే తెరిచే రక్తపరీక్షల శాంపిల్ కలెక్షన్ సెంటరు. ఆదివారం చూసి ఖాళీ అనుకుని వదిలేసి ఉంటే, షుగరు పరీక్షకి జనం మెయిన్ రోడ్డు దాకా పోతూనే ఉండేవాళ్లు.

నోటుపుస్తకం కనబడగానే దుకాణదారుకి గుబులు పుడుతుంది. మాకు మొదట్లో ఎదురైన మాట ఇది:

"ఏం సర్వే అమ్మా ఇది? ట్రేడ్ లైసెన్స్ కోసం మున్సిపాలిటీ వాళ్లు పంపిన్రా?"

"కాదన్నా, మేం వెనక గల్లీలోనే ఉంటాం. రాత్రిపూట మందులు కావాల్సినోళ్లకి ఏ షాపు ఎప్పటిదాకా ఉంటదో ఫోన్‌లో కనబడేటట్టు పెడుతున్నాం. మీరు ఎన్నింటికి కడతరన్నా?"

"పదిన్నర. కానీ ఆదివారం మధ్యాహ్నం ఉండను, రాసుకో."

ఆ "కానీ" తర్వాత వచ్చే మాట కోసమే మనం వెళ్లేది. ఎవరు మీరు, ఎందుకు, ఎక్కడ కనిపిస్తుంది అన్న మూడూ మొదటి వాక్యంలోనే చెప్పేయండి. వద్దంటే వదిలేయండి. గిరాకీ ఉన్నప్పుడు అడ్డుపడొద్దు. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు, కొన్నిచోట్ల టీ కూడా ఇప్పిస్తారు.

ఆరో అడుగు: చుక్క ఎక్కడ పెట్టాలి

ఆరుబయట ఫోన్ జీపీఎస్ ఐదారు మీటర్ల తేడాతో చూపిస్తుంది. మూడంతస్తుల ఇళ్ల మధ్య ఇరుకు గల్లీలో సిగ్నల్ గోడలకి కొట్టుకుని వస్తుంది కాబట్టి చుక్క పక్క గల్లీలో పడినా ఆశ్చర్యం లేదు. ఫోన్ చూపించిన చోటే గుడ్డిగా పెట్టొద్దు. ఉపగ్రహ చిత్రం మీద ఆ భవనాన్ని గుర్తుపట్టి, షాపు ముఖం ఏ వీధి వైపు ఉందో ఆ అంచున పెట్టండి. వెనక గోడ వైపు పెడితే మ్యాప్ మనిషిని వెనక సందులోకి తీసుకెళ్తుంది.

పై అంతస్తులో ఉన్న క్లినిక్‌కి అంతస్తు రాయడం మరవొద్దు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లెక్కలో గ్రౌండ్ ఫ్లోర్ సున్నా, మెట్లెక్కితే వచ్చేది ఒకటి. లిఫ్టు ఉందా, గుమ్మం ముందు మెట్లున్నాయా అన్నది కూడా చేర్చండి.

మన బస్తీల్లో ఇంటి నంబర్లకి బై మీద బై వచ్చి చేరుతుంటాయి, వాటిని పట్టుకుని కొత్తవాళ్లు చేరలేరు. "వేపచెట్టు సందు", "పాత గిర్ని పక్కన" అన్నవే జనం చిరునామా. 108 అంబులెన్స్ డ్రైవర్‌కి దారి చెప్పేదీ అలాగే. ఆ గుర్తులని కూడా పటంలోకి ఎక్కించండి. అసలు చిరునామాయే లేని డబ్బాకొట్టులాంటి వాటికి తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ పనికొస్తుంది. దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా కోసి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. నోటుపుస్తకంలో దాన్ని రాసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

ఏడో అడుగు: పేరు, రకం

బోర్డు మీద ఎలా ఉంటే అలాగే రాయండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఉంటే మూడింటికీ విడివిడి గడులున్నాయి. ప్రధానమైన పేరు గడిలో మూడూ కలిపి కుక్కొద్దు. తెలుగు పేరు చేరిస్తే తెలుగులో వెతికినవాళ్లకి దొరుకుతుంది, ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లకి దారి చూపిస్తుంది.

రకం ఎంచుకునేటప్పుడు మనవాళ్లంతా పడే గుంట ఒకటుంది. ఇక్కడ "కెమిస్ట్" అంటే మెడికల్ షాపే, బోర్డుల మీదా అదే రాస్తారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మాత్రం కెమిస్ట్ అంటే సబ్బులు, షాంపూలు, పౌడర్లు అమ్మే షాపు. చీటీ మీద మందులిచ్చేది "ఫార్మసీ". బోర్డు చూసి కెమిస్ట్ అని పెడితే, మందుల కోసం వెతికేవాళ్లకి ఆ షాపు కనిపించదు. మేం మొదటి నెలలో తొమ్మిది షాపులు ఇలాగే తప్పు పెట్టి, తర్వాత కూర్చుని దిద్దాం.

ఎనిమిదో అడుగు: వేళలు

బోర్డు మీద ఒకటి ఉంటుంది, యజమాని ఒకటి చెబుతాడు, నిజం మూడోది. అబద్ధం చెబుతారని కాదు. "పదకొండు దాకా ఉంటాం" అన్న మనిషి మనసులో ఉన్నది మంచి గిరాకీ ఉన్న రోజు. అందుకే ఒక్కో మెడికల్ షాపుని, క్లినిక్‌ని మూడు వేళల్లో కంటితో చూడాలి: ఉదయం తొమ్మిది, సాయంత్రం ఏడు, రాత్రి పదిన్నర. కనీసం ఒకటి ఆదివారం అయి ఉండాలి. రాత్రి వంతు బండి ఉన్నవాళ్లు ఇద్దరు కలిసి చూసుకుంటారు.

24/7 అని పెట్టే ముందు అర్ధరాత్రి దాటాక ఒక్కసారైనా వెళ్లి చూడండి. ఈ ఒక్క నియమం దగ్గర నేను ఎవరి మాటా వినను. కొన్ని చోట్ల షట్టర్ సగం దించి ఉంటుంది, తడితే లోపల పడుకున్న కుర్రాడు లేచి ఇస్తాడు. అలాంటిదైతే వివరణ గడిలో "రాత్రి షట్టర్ తట్టాలి" అని రాయండి. ఆ మూడు మాటలు ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

మధ్యాహ్నం విరామం వదిలేయొద్దు. డాక్టర్లు 9 నుంచి 1, మళ్లీ 6 నుంచి 9 అని రెండు దఫాలుగా కూర్చుంటారు. దాన్ని "9 నుంచి 9" అని పెడితే జ్వరం పిల్లాడిని ఎత్తుకుని మండుటెండలో వచ్చిన తల్లి తాళం చూసి వెనక్కి పోతుంది. వారానికి రెండు రోజులే వచ్చే పిల్లల డాక్టరు, బుధవారం శనివారం టీకాలు, నెలలో కొన్ని రోజులే తెరిచే రేషన్ షాపు, వీటన్నిటికీ రోజులు రాయాల్సిందే.

తొమ్మిదో అడుగు: రాయకూడనివి

యజమాని పేరు, ఇంటి చిరునామా, బోర్డు మీద లేని ఫోన్ నంబరు వద్దు. ఎవరు ఏ జబ్బుకి ఎక్కడికి వెళ్తున్నారో అసలే వద్దు. మనుషుల ముఖాలు, మందుల చీటీలు ఫొటోలో పడితే చెరిపేయండి. ఆశా అక్క ఇల్లు అందరికీ తెలుసు కదా అని చుక్క పెట్టొద్దు, అర్ధరాత్రి ఎవరెవరో తలుపు కొడతారు.

బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. అంటే సుమారు 91 మీటర్లు. బడి గేటు సరిగ్గా గుర్తిస్తే ఆ దూరం పటం మీద కొలవచ్చు. కొలిచి హెడ్‌మాస్టరుకి చూపించండి. పబ్లిక్ మ్యాప్‌లో ఆ డబ్బాకొట్టు మీద నేరం రాయకండి.

పదో అడుగు: సరిచూడటం

ఒక జట్టు రాసినదాన్ని ఇంకో జట్టు చూడాలి. పదింటిలో రెండు తీసుకుని, ముందు రాసింది చూడకుండా మళ్లీ రాసుకురమ్మనండి. రెండూ పక్కపక్కన పెట్టండి. మేం ఇరవై చూస్తే రెండుకి మించి తేడా వస్తే ఆ గల్లీ మొత్తం మళ్లీ నడుస్తాం. ఆయాసపడే పనే, కానీ మ్యాప్‌ని నమ్మి ఒకసారి మోసపోయిన మనిషి మళ్లీ తెరవడు.

మూతపడ్డ షాపుని ఊరికే చెరిపేయొద్దు. అక్కడ ఇప్పుడు లేదని గుర్తు పెట్టండి. చెరిపేస్తే, పాత ఫొటో చూసి ఇంకెవరో మళ్లీ ఎక్కించేస్తారు. షాపు వేరే చోటికి మారితే కొత్త చోట చేర్చి, పాత చోట ఆ మాట ఉంచండి.

పదకొండో అడుగు: చేతికి అందించడం

పటం ఫోన్‌లో ఉంటే సగం జనానికే చేరుతుంది. మేం రాత్రి తెరిచి ఉండే నాలుగు మెడికల్ షాపులు, దగ్గరి బస్తీ దవాఖానా, ల్యాబు శాంపిల్ వేళలు, టాయిలెట్లు, ఇవి మాత్రమే ఒక పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించి అంగన్‌వాడీ గోడకి, ఆటో అడ్డాకి, కిరాణం కొట్లకి అంటించాం. అడుగున తేదీ పెద్దగా వేయించాం. తేదీ లేని కాగితం నెల తర్వాత తప్పుదారి పట్టిస్తుంది.

మూడు నెలలకోసారి ఒక్కొక్కరం రెండేసి గల్లీలు తిరుగుతాం. అద్దెలు పెరిగాక, దసరా తర్వాత, వేసవి మొదట్లో షట్టర్లు ఎక్కువ చేతులు మారతాయి కాబట్టి ఆ నెలలు తప్పించం. ఆటో అన్నకి కూడా నా నంబరు ఇచ్చాను. ఏ షాపు బోర్డు మారినా ముందు ఫోన్ చేసేది ఆయనే. పోయిన గురువారం చేసి, "అక్కా, ట్యాంకు కాడ కొత్త మెడికల్ షాపు పడ్డది, పన్నెండు దాకా ఉంటనంటున్నడు, వచ్చి చూడు" అన్నాడు. ఇంకా ఎక్కించలేదు. శనివారం రాత్రి పదకొండున్నరకి తమ్ముడూ నేనూ వెళ్లి చూడాలి.